నాలుగు జతల ఇత్తడి బిళ్లలు

ఆదోని,
12-12-1955

దేవేంద్రా,

రేపు పొద్దున ఎమ్మిగనూరు పోయే మొదటి బస్సు డ్రైవరు చేతికి ఒక గుడ్డమూట ఇచ్చి పంపిస్తున్నాను. నువ్వే పోయి తీసుకో. మీ చిన్నమ్మను పంపకు, దారిన పోయే వాళ్లను అసలే పంపకు. అందులో నాలుగు జతల ఇత్తడి బిళ్లలు, నాలుగు స్ప్రింగులు ఉన్నాయి. ఒక్క బిళ్ల పోయినా మళ్లీ ఆకురాయి పట్టుకునే ఓపిక నాకు లేదు.

స్ప్రింగులు ఎక్కడివని అడగవేం? పాత ఇనుము అమ్మే సాయిబు అంగడిలో పాడైపోయిన గ్రామఫోను పెట్టె దొరికింది. దాని లోపలి చుట్ట విప్పి, సన్నగా కోసి, రోజుకొకటి చొప్పున రాకాను. బిళ్లలను చింతపండుతో తోమి, నూనె గుడ్డతో రుద్ది అద్దంలా చేశాను. ఒక్కో జత మధ్య నుంచి నూలుపోగు పోవాలి. స్ప్రింగు వాటిని మెల్లగా అదుముతుంది కాబట్టి పోగు వదులు కాదు, బిగుసుకుని తెగదు. కాలితో తొక్కితే నాలుగు కదుళ్లు ఒక్కసారి తిరిగి, మగ్గానికి కావలసిన నూలు కండెలు నాలుగు చుట్టే మిషను చేశాం సరే, పోగు తెగకుండా ఉంటేనే కదా దానికి విలువ! మన థీసిస్ ప్రాణమంతా ఈ బిళ్లల్లోనే ఉంది.

మా నాయనకు ఈ థీసిస్ సంగతి చెప్పబోయి అవస్థ పడ్డాను. పత్తి ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ముప్పై ఏళ్లుగా సమ్మెట కొట్టే మనిషికి కాలేజీ తతంగం ఏం తెలుస్తుంది?

"ముగ్గురు కలిసి ఒగ పుస్తకం రాస్తారా? అట్లయితే పాసయ్యేది ఎవురు?" అన్నాడు.

"పాసైతే ముగ్గురం, పోతే ముగ్గురం" అన్నాను.

"పెండ్లి మాదిరి ఉండాదే" అని నవ్వినాడు.

మన మూడో పెండ్లికొడుకు కాశప్ప అనంతపురంలో టైపు మిషను ముందు కూర్చుని ఇంగ్లీషులో పేజీలు కొడుతున్నాడు. కొలతలు నువ్వు పంపితే గాని నాలుగో అధ్యాయం కదలదట. మాస్టారు ఊళ్లకు పోయి పని చేసుకోమని సెలవిచ్చింది మార్చి పది వరకే. నీ పెద్దమనిషితనం కాస్త పక్కన పెట్టి తొందరగా కానీ.

నీ
యేసేపు

*

ఎమ్మిగనూరు,
29-12-1955

ప్రియమైన యేసేపుకు,

మూట చేరింది. నేనే పోయి తెచ్చుకున్నాను. అరుగు మీద కూర్చుని విప్పితే, బిళ్లల్లో నా ముఖం నాకే కనిపించింది. చేతితో ఇంత నునుపు తేవచ్చని నేను అనుకోలేదు. మనం ఒకే బెంచీ మీద కూర్చుని చదివాం గాని నీ చేతికి తెలిసింది నా చేతికి తెలియదు. ఇది పొగడ్త కాదు, నిజం.

ఇక పని సంగతి. మా చిన్నమ్మ ఇంటికి గోడ అవతల హనుమంతమ్మ అని ఒకామె ఉంది. పెండ్లై వచ్చిన నాటి నుంచి రాట్నం మీద కండెలు చుడుతూనే ఉంది. మన మిషను మీద కూర్చోవడానికి ఆమే ఒప్పుకుంది. "సదువుకునే పిల్లోల్లకు పరీచ్చ అంటే ఎవురు కాదంటారప్పా" అంది. కాని ఆ ఇంట్లో ఒక కట్టుబాటు. ఆడవాళ్లు కండెలు చుట్టే గదిలోకి పరాయి మగవాడు అడుగు పెట్టడు. అందుకని మిషను బయట అరుగు మీద పెట్టి, బిళ్లలు బిగించి, ఒక పోగు లాగి అంతా ఆమెకు చూపించాను. తరువాత ఆమె కొడుకులు దాన్ని లోపలికి మోసుకుపోయారు.

నేను అరుగు మీదే కూర్చుంటాను. చేతిలో కాశప్ప ఇచ్చిన గడియారం, ఒళ్లో నోటుబుక్కు. లోపల పోగు తెగినప్పుడల్లా ఆమె "ఒగటి!" అని కేక వేస్తుంది. నేను ఒక గీత గీస్తాను. మొదటి రోజు గంటసేపు కేక వినపడకపోతే ఆమె నిద్రపోయిందేమో అనుకున్నాను. తలుపు దగ్గర చెవి పెడితే కదుళ్లు హాయిగా తిరుగుతున్నాయి.

అదే నూలు, అదే మనిషి. రాట్నం మీద వంద కండెలకు ఇరవై రెండుసార్లు తెగింది. మన మిషను మీద వంద కండెలకు ఎన్నిసార్లు తెగిందో తెలుసా? ఏడు! రెండో వంద కూడా చుట్టించాను. మళ్లీ ఏడే. అంకెలు కాశప్పకు రాశాను. నీ బిళ్లలకు నా నమస్కారం చెప్పు.

నీ
దేవేంద్రప్ప

*

ఆదోని,
6-1-1956

ఒరే దేవేంద్రా,

ఏడు! ఉత్తరం వర్క్‌షాపులోనే విప్పి గట్టిగా చదివాను. మా నాయన సమ్మెట కింద పెట్టి, "ఇంగోసారి సదువు" అన్నాడు. ఇంకోసారి చదివాను. సాయంత్రం దారిలో కనబడిన వాళ్లందరికీ, "మావాని బిళ్లలు పోగు తెగనీయవంట" అని చెప్పుకుంటూ నడిచాడు. వాళ్లకు ఏ పోగో, ఏ బిళ్లో తెలియదు. అయినా అందరూ తల ఊపారు.

నీతో చెప్పకపోతే ఎవరితో చెప్పుకోను? నాకు భయంగా ఉండేది రా. నా ఉపకార వేతనం ఈ మార్చితో ఆఖరు. థీసిస్ పోతే మీరిద్దరూ వచ్చే ఏడాది మళ్లీ రాసుకుంటారు. నాకు ఆ వీలు లేదు. నాయన పక్కన రెండో సమ్మెట పట్టుకోవలసిందే. అది తక్కువ పని అని నేను అనను, కాని ఇంత దూరం వచ్చి వెనక్కి పోవాలంటే మనసు ఒప్పుకోదు. నీ ఏడు అంకెతో ఆ భయం పోయింది.

ఒక్క పని మిగిలింది. బిళ్లలు ఎంత అరిగాయో కొలిచి పట్టిక వేయాలి. ఒక జత విప్పి బస్సులో పంపు.

నీ
యేసేపు

*

ఎమ్మిగనూరు,
2-2-1956

ప్రియమైన యేసేపుకు,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. చిన్నమ్మ కాలు బెణికింది, ఇప్పుడు నయం. హనుమంతమ్మ కూతురి కాన్పని ఆస్పరి పోయింది. వచ్చే వారం రావచ్చు. ఆమె చోట హులిగమ్మ అని ఇంకొకామె కూర్చుంది.

బిళ్లలు పంపడం కుదరలేదు. మీ నాయనకు నమస్కారాలు.

నీ
దేవేంద్రప్ప

*

ఆదోని,
8-2-1956

దేవేంద్రప్ప గారికి,

గారు అని ఎందుకన్నానో అర్థమైందా? నెల రోజుల తరువాత ఒక కార్డు ముక్క, అందులో సగం ఎండల గురించి! ఎమ్మిగనూరులో ఎండ కాస్తుందని నాకు నువ్వు చెప్పాలా?

హులిగమ్మ కూర్చుంటే ఎన్నిసార్లు తెగిందో రాయలేదు. ఒక జత బిళ్లలు విప్పడం ఎందుకు కుదరలేదో రాయలేదు. నిన్ను నేను నాలుగేళ్లుగా చూస్తున్నాను. నువ్వు అబద్ధం ఆడవు, కాని చెప్పవలసింది మింగి ఊరుకుంటావు. హాస్టల్లో నా చొక్కా ఇస్త్రీ పెట్టెతో కాల్చినప్పుడు కూడా ఇలాగే వాతావరణం గురించి మాట్లాడావు.

కాశప్ప నాలుగో అధ్యాయం టైపు చేసేశాడు. వారంలో బైండింగుకు ఇస్తాడట. ఏం కాలిందో ఇప్పుడే చెప్పు.

యేసేపు

*

ఎమ్మిగనూరు,
12-2-1956

యేసేపూ,

కోపం తెచ్చుకో, కాని చివరి దాకా చదువు.

హనుమంతమ్మ ఆస్పరి పోయిన మరునాడు హులిగమ్మ మిషను మీద కూర్చుంది. కూర్చోగానే, "అప్పా, నువ్వు సెప్పిన బిళ్లలు యాడుండాయి? ఈడ ల్యావే" అని లోపలి నుంచి అడిగింది. ఎవరో దొంగిలించారనుకున్నాను. కట్టుబాటు కూడా మరిచిపోయి లోపలికి పోయాను.

బిళ్లలు గూట్లో ఉన్నాయి. నాలుగు జతలూ వరుసగా ఒక గుడ్డ మీద పెట్టి ఉన్నాయి. ఒక్కొక్క దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పక్కన ఎండిన బంతిపువ్వు. ఒక్కదాని మీద కూడా పోగు గీత లేదు. వాటి మధ్య నుంచి నూలు పోనే లేదు యేసేపూ.

మళ్లీ బిగించాను. హులిగమ్మ నేను చెప్పినట్టే చేసింది. వంద కండెలకు యాభై ఎనిమిదిసార్లు తెగింది. ఆమెకు చేతకావడం లేదేమో అనుకుని, అదే నూలు ఆమె రాట్నం మీద చుట్టించి చూశాను. ఇరవై అయిదు. తప్పు ఆమెది కాదు.

నిన్న హనుమంతమ్మ వచ్చింది. చిన్నమ్మను తోడు తీసుకుని పోయి అడిగాను. ఆమె కొంచెం కూడా తడబడలేదు.

"మొదటి దినమే సూసినా నాయనా. కండె సన్నకాడ బాగనే పోతాండాది. లావుకాడికి వచ్చేసరికి పోగు పరుగెత్తుతాది, బిళ్లలు వదలవు, టప్పున తెగుతాది. తీసి గూట్లో పెట్టి, ఏళ్ల సందుల్లో పోగులు పట్టుకున్యా. కాలు తొక్కుతాంటే చేతులు ఖాళీనే గదా."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎట్ల సెప్పేది? మీ సావాసగాడు రేయింబగుళ్లు రాకి పంపినాడని నువ్వే సెప్తివి. అంత ఆశతో సేసిందాన్ని బాగల్యేదంటే పిల్లోని మనసు ఏమైతాది? మీ పరీచ్చ పోతే ఆ పాపం నాకు గదా. తెగినప్పుడల్లా నిజ్జంగానే అరిసినా. ఒగటి గుడక తగ్గించల్యా."

అది నిజం. ఏడు అన్న అంకె నిజం. కాని అది నీ స్ప్రింగుది కాదు, ఆమె వేళ్లది. గడియారం పట్టుకుని గోడకు ఇవతల కూర్చున్న నాది తప్పు. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు రాసిన ఆ రెండో సమ్మెట మాట నా కళ్ల ముందే ఉంది.

ఏం చేద్దామో నువ్వే చెప్పు.

నీ
దేవేంద్రప్ప

*

ఆదోని,
15-2-1956

దేవేంద్రా,

చదివాను. రెండుసార్లు చదివాను.

ఆమె కేకలు నిజం, నీ గీతలు నిజం. మన మిషను మీద వంద కండెలకు ఏడుసార్లు తెగింది అని మనం రాశాం. అందులో అబద్ధం ఏముంది? పరీక్షాధికారి ఎమ్మిగనూరు వచ్చి గూట్లో తొంగి చూస్తాడా? హులిగమ్మ లెక్క నీ నోటుబుక్కులోనే ఉండనీ. కాశప్పకు ఏమీ రాయకు. బైండింగు కానీ.

నువ్వు ఆ గదిలోకి పోకపోయి ఉంటే బాగుండేది.

యేసేపు

*

ఆదోని,
17-2-1956

దేవేంద్రా,

మొన్నటి ఉత్తరం చించెయ్యి. నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను.

నిన్న అన్నం తింటూ మా నాయనకు అంతా చెప్పాను. బిళ్లలు పని చేయలేదంటే బాధపడతాడనుకున్నాను. బొట్టు పెట్టి గూట్లో పెట్టిందని విని ముందు పగలబడి నవ్వాడు. తరువాత అడిగాడు.

"తెగకుండా పట్టింది ఆయమ్మ ఏళ్లయితే, మీ పుస్తకంలో ఆయమ్మ పేరు ఉండాదా?"

"లేదు. బిళ్లల పేరు ఉంది."

ఆయన చేయి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ముప్పై ఏండ్లాయ, సమ్మెట నాది, పేరు ఫిట్టరుది. దొరలు వచ్చి పని బాగుండాదంటే ఆయనకే సెప్పిపోతారు. నేను ఆణ్ణే నిలబడుకోని ఉంటా. అది ఎట్లుంటాదో నీకు తెల్దు. నువ్వు గుడక ఆయమ్మకు అట్లే సేస్తాండావా?"

మా నాయనను ఎన్నేళ్లుగానో చూస్తున్నాను గాని ఆయన లోపల ఈ మాట ఉందని నాకు తెలియదు. సిగ్గుతో రాత్రంతా తల ఎత్తలేదు.

నువ్వు వెంటనే అనంతపురం పోయి బైండింగు ఆపించు. కాశప్ప తిడతాడు, పడు. నేను ఎమ్మిగనూరు పోతున్నాను. మీ చిన్నమ్మ ఇంట్లోనే దిగుతాను. ఆ వేళ్లు ఏం చేస్తున్నాయో నేను చూడాలి. నా బిళ్లలు ఎందుకు ఓడిపోయాయో నాకు తెలియాలి.

నీ
యేసేపు

*

ఎమ్మిగనూరు,
27-2-1956

దేవేంద్రా,

అయిదు రోజులుగా ఇక్కడున్నాను. మీ చిన్నమ్మ పెట్టే కొర్రన్నానికి రెండు శేర్లు బరువు పెరిగి ఉంటాను.

హనుమంతమ్మ కాళ్లకు నమస్కారం పెట్టి, "అమ్మా, ఆ బిళ్లలు చేసింది నేనే" అన్నాను. ఆమె ముఖం చూడాల్సింది. కొత్తకోడలిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పు సేసినా నాయనా" అంది. తప్పు చేసింది నేను, క్షమించమంటున్నది ఆమె! మీ చిన్నమ్మ పక్కనే కూర్చుంటానంటే నన్ను లోపలికి రానిచ్చింది.

చూశాను రా. ఎడమచేతి వేళ్ల సందుల్లో రెండు పోగులు, కుడిచేతిలో రెండు. మాట్లాడుతూనే ఉంటుంది, కోడలిని పిలుస్తుంది, కోడిని అదిలిస్తుంది. కండె సన్నగా ఉన్న చోట వేళ్లు దగ్గరికి వస్తాయి. లావు దగ్గర పోగు వేగం పెరగగానే వేళ్లు విడతాయి. ఒక్కో కండె మీద ఇలా వందలసార్లు. నాలుగు పోగులకు నాలుగు వేరు వేరుగా! నా స్ప్రింగు పట్టింది పట్టినట్టే ఉంటుంది. వదలాలని దానికి తెలియదు.

కొలవాలనిపించింది. కొలిచే యంత్రం మన కాలేజీలో కూడా లేదు. కంసాలి దుర్గప్ప దగ్గర తూకపు రాళ్లు అడిగి తెచ్చాను. పోగు కొసకు చిన్న తిత్తి కట్టి, అందులో రాళ్లు వేస్తూ, "సన్నకాడ ఇంత బిగువేనా అమ్మా?" అని అడిగాను. కళ్లు మూసుకుని, వేళ్లతో పోగు పట్టి, "ఇంగొంచెం... ఇంగ సాలు" అంది. తూచితే తులమున్నర. లావు దగ్గర ముప్పాతిక తులం. మరునాడు ఆమెకు చూపించకుండా మళ్లీ మొదటి నుంచి చేశాను. మూడో నాడు కూడా చేశాను. మూడు రోజులకూ తేడా రెండు గురిగింజలెత్తు! దుర్గప్పకు చెబితే ఆయన తన త్రాసు వైపు అనుమానంగా చూసుకున్నాడు.

నేను కూడా ఆ పోగులు పట్టి చూశాను. మూడు రోజులు పట్టాను. నాలుగు పోగులు కాదు, ఒక్క పోగు కూడా నిలవలేదు. "నీకు ఇనుము అలవాటు నాయనా" అని ఓదార్చింది.

పట్టిక ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇలా వదిలి పట్టే బిళ్లలు చేయడానికి నాకు ఇంకో ఏడాది కావాలి. మనకున్నది పన్నెండు రోజులు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి. బిళ్లలతో యాభై ఎనిమిది, హనుమంతమ్మ వేళ్లతో ఏడు. ఆమె పేరు పూర్తిగా, ఊరితో సహా రాయండి. ఏదైతే అదవుతుంది.

నీ
యేసేపు

*

అనంతపురం,
11-3-1956

యేసేపూ,

నిన్న సాయంత్రం థీసిస్ ఇచ్చేశాం. కాశప్ప వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని పడుకున్నాడు. నలభై పేజీలు మళ్లీ కొట్టాడు.

నేను వచ్చి బైండింగు ఆపమన్న రోజు అతను నా మీద చేయి చేసుకోవడం ఒక్కటే తక్కువ. "మనం ఓడిపోయామని మనమే టైపు చేసి, అట్ట వేసి ఇస్తామా?" అని అరిచాడు. రెండు రోజులు మాట్లాడలేదు. తరువాత నీ పట్టిక వచ్చింది. అతను దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. కాగితం ఎక్కించి, నాలుగో అధ్యాయం మొదటి నుంచి మొదలుపెట్టాడు.

మాస్టారు దగ్గరికి ఇద్దరం పోయాం. ఆయన రెండు అంకెలూ చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఎవరికీ తెలిసేది కాదు" అన్నారు. "ఇప్పుడు మద్రాసు నుంచి వచ్చే పరీక్షాధికారి ఏమంటాడో నేను చెప్పలేను. ఆయన ఒప్పుకోకపోతే నేనేమీ చేయలేను. ఆలోచించుకున్నారా?" అని అడిగారు. ఆలోచించుకున్నామని కాశప్పే ముందు చెప్పాడు.

యేసేపూ, నువ్వు చించెయ్యమన్న ఉత్తరం నేను చించలేదు, దాచుకున్నాను. నిన్ను ఎత్తిపొడవడానికి కాదు. థీసిస్ పోతే నాకూ కాశప్పకూ పోయేది ఒక ఏడాది, నీకు పోయేది చదువే. అది తెలిసి కూడా రెండు రోజుల్లో రెండో ఉత్తరం రాశావు. నేనయితే రాసేవాణ్ని కాదేమో. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు నీ మీద గౌరవం పెరిగింది.

మౌఖిక పరీక్ష ఏప్రిల్ ఇరవై నాలుగున. తెల్లచొక్కా తెచ్చుకో. ఇస్త్రీ నేను చేయను.

నీ
దేవేంద్రప్ప

*

ఆదోని,
2-5-1956

దేవేంద్రా,

పరీక్ష గదిలోకి మనల్ని ఒక్కొక్కరినే పిలిచారు కదా. బయటికి వచ్చాక నువ్వు, కాశప్ప ఎంత అడిగినా నేను నోరు విప్పలేదు. చెప్తే ఏడుస్తానేమోనని భయం. ఇప్పుడు రాస్తున్నాను.

పరీక్షాధికారి థీసిస్ ముందు పెట్టుకుని ఇంగ్లీషులో సూటిగా అడిగాడు. "ఈ స్ప్రింగు నువ్వు చేసిందేనా?"

"అవునండీ."

"ఇది పనికిరాదని నువ్వే రాశావు."

"అవునండీ. ఎందుకు పనికిరాదో కూడా రాశాం."

"ఈ పట్టికలో బిగువు ఏ యంత్రంతో కొలిచారు?"

"కంసాలి తూకపు రాళ్లతోనండీ. బిగువు మాత్రం ఆమె వేళ్లది."

ఆయన జేబులోంచి దారం ఉండ తీశాడు. అది ఆయన ముందే తెచ్చుకున్నాడు! నా చేతికి ఇచ్చి, "ఆమె ఎలా పడుతుందో చేసి చూపించు" అన్నాడు. దారం వేళ్ల మధ్య పెట్టుకున్నాను, తీసేశాను. "నాకు చేతకాదండీ" అన్నాను. "మూడు రోజులు ప్రయత్నించాను, రాలేదు. నా చదువంతా పెట్టి ఆమె చేసేది కొలవగలిగాను గాని చేయలేకపోయాను" అన్నాను.

ఆయన తన సొంత నోటుబుక్కు తీసి, మన పట్టిక మొత్తం అందులో ఎత్తి రాసుకున్నాడు. "ఎమ్మిగనూరు స్పెల్లింగు ఇదేనా?" అని అడిగాడు. ఆమె పేరు కూడా రాసుకున్నాడు. ఇక పొమ్మన్నాడు.

అది మెచ్చుకోలో, ముగింపో నాకు తెలియదు. మా నాయనకు చెప్తే, "ఆయమ్మ పేరు రాసుకున్యాడా? అయితే సాలు" అన్నాడు. ఆయనకు చాలు. నాకు మాత్రం పేపరు వచ్చే దాకా అన్నం సహించదు. ఇప్పటికి వర్క్‌షాపులో నాయన పక్కన రెండో సమ్మెట పట్టుకుని నిలబడుతున్నాను.

నీ
యేసేపు

*

ఎమ్మిగనూరు,
30-5-1956

యేసేపూ,

పేపరు నువ్వూ చూసే ఉంటావు. మూడు నంబర్లూ ఉన్నాయి! నేను నాలుగుసార్లు వేలు పెట్టి చూశాను. మాస్టారు రాసిన కార్డు కూడా ఇప్పుడే వచ్చింది. థీసిస్‌కు మార్కులు గట్టెక్కేంతవే ఇచ్చారట, ఒక్కటి కూడా ఎక్కువ లేదట. పోనీ. మీ నాయన ఇంజనీరు తండ్రి అయ్యాడు. ఇక ఆ సమ్మెట ఆయనకు ఇచ్చెయ్యి.

పేపరు పట్టుకుని హనుమంతమ్మ ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో నిలబడి, "అమ్మా, పాసైనాం" అని కేక వేశాను. కదుళ్లు ఆగాయి. లోపలి నుంచే అడిగింది.

"ముగ్గురూనా?"

"ముగ్గురం."

"ఆ బిళ్లల పిల్లోడు గుడక?"

"అతను కూడా."

"ఇంగ మిమ్మల్ని ఎవురూ ఫెయిలు సేయల్యారు గదా? వచ్చి మల్లా అడిగేది గిడిగేది ఏం ల్యేదు గదా?"

"లేదమ్మా. అంతా అయిపోయింది."

"అట్లయితే లోపలికి రా నాయనా. ఇంగ సెప్తా" అంది.

లోపలికి పోయాను. నీళ్లు ఇచ్చింది, బెల్లం ముక్క పెట్టింది, తల మీద చేయి పెట్టి దీవించింది. ఆ తరువాత మొదలుపెట్టింది. తొక్కుడు పలక ఎవరి కాలి కొలతకు చేశామని అడిగింది. నా కాలి కొలతకే చేశాం, నీకు గుర్తుంది కదా. ఆమె పొట్టి మనిషి. డిసెంబరు నుంచి ఆమె కొనకాలితో తొక్కుతోంది. కుడి చివర కదురు వంకర తిరుగుతోందట. పక్కనున్న చక్రం నూనె చిమ్మి రెండు చీరలు పాడు చేసిందట. నూలు చుట్ట తగిలించే పంజరం ఎత్తులో ఉండి ప్రతిసారీ లేచి అందుకోవాలట. రాట్నం మీద అయితే కూర్చునే అన్నీ చేతికి అందేవట.

"ఇన్నాళ్లు ఒక్క మాట కూడా అనలేదేమమ్మా?" అన్నాను.

"పరీచ్చ కాకముందు సెప్తే మీకు దిగులు గదా" అంది.

అయిదు నెలలు రా యేసేపూ. మనం ఆమె వేళ్లు చూసి అబ్బురపడుతున్నాం, పట్టికలు వేస్తున్నాం. ఆమె కాలు ఎక్కడ ఆనుతోందో మనలో ఒక్కరం కూడా కిందికి చూడలేదు. ఆమె మన కోసం పోగులు పట్టింది, నోరు కూడా పట్టింది. ఇంత పెద్ద మనసు నేను ఎక్కడా చూడలేదు.

నోటుబుక్కు తెచ్చి పదకొండు లోపాలు రాసుకున్నాను. ఇంకా ఉన్నాయట. నువ్వు వచ్చాక చెప్తుందట. ఉద్యోగం దరఖాస్తులు వారం ఆగినా ఫరవాలేదు. ఆకురాయి, కొలబద్ద, రెండు చెక్కలు తీసుకుని రేపటి బస్సుకే బయలుదేరు. నేను లేచి వస్తుంటే ఆమె చెప్పమన్న మాట కూడా రాస్తున్నాను.

"ఆ పిల్లోన్ని బిరీన రమ్మని రాయి నాయనా. నాకు మోకాలు సానా నొస్తాండాది."

నీ
దేవేంద్రప్ప